కొండబాటల్లో సైకిల్‌కు చోటు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో వారాంతాల్లో కొండల్లోకి, అడవుల్లోకి సైకిల్ తీసుకెళ్లే తెలుగు మిత్రులు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ ఒకేచోట జవాబులు రాస్తున్నాను. ముందుగా ఒక మాట. తెలుగులో బైక్ అనగానే మోటారు బండి గుర్తుకొస్తుంది. ఇక్కడ మాట్లాడేది కాళ్లతో తొక్కే మౌంటెన్ సైకిల్ గురించే. మోటారు తోడైన వాటికి విడిగా ఒక ప్రశ్న కేటాయించాను, ఎందుకంటే వాటి తగవు వేరు.

ప్రభుత్వ భూమి అందరిదీ కదా, అందులో సైకిల్‌ను ఆపే అధికారం ఎవరికుంది?

భూమి అందరిదే. దాని బాగోగులు చూసే పని మాత్రం ఏదో ఒక కార్యాలయానిది. ఆ కార్యాలయానికి తన చట్టం, తన పెద్దలు ఉంటారు. ఒకే కొండకు కింది వాలు నగర పార్కుల శాఖ చేతిలో, నడుమ భాగం కౌంటీ చేతిలో, శిఖరం ఫెడరల్ అటవీ శాఖ అయిన ఫారెస్ట్ సర్వీసు చేతిలో ఉండవచ్చు. కాలిఫోర్నియాలోనైతే వీటికి తోడు తాగునీటి డిస్ట్రిక్టులు, కట్టడాలు లేని భూముల్ని కాపాడే ఓపెన్ స్పేస్ డిస్ట్రిక్టులు కూడా ఉంటాయి. వాటి పాలక మండలి సభ్యుల్ని చాలాచోట్ల ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. పది మైళ్లు తొక్కేలోపు మూడు హద్దులు దాటితే మూడు రకాల నియమాలు వర్తిస్తాయి.

నేషనల్ పార్కుల్లో సైకిల్‌ను రోడ్ల మీద తొక్కవచ్చు. బాట మీద తొక్కాలంటే ఆ బాటను సైకిళ్లకోసం ప్రత్యేకంగా తెరిచి ఉండాలి. ఫారెస్ట్ సర్వీసు భూముల్లో పద్ధతి దాదాపు తలకిందులు: అది వైల్డర్‌నెస్ (సహజ స్థితిలోనే ఉంచాలని చట్టం హద్దు గీసిన భూమి) కాకుండా, మూసినట్టు ఉత్తర్వేదీ లేకుండా ఉంటే సాధారణంగా తొక్కవచ్చు. ఈ తేడా తెలియక ఒకచోటి అలవాటును ఇంకోచోటికి మోసుకెళ్లి జరిమానా కట్టినవాళ్లను చూశాను. ఫోనులోని పటంలో బాట గీత కనిపించినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. ఆ భూమిని చూసుకునే కార్యాలయం విడుదల చేసిన పటమే ప్రమాణం.

నిన్నటిదాకా తొక్కిన బాటలో హఠాత్తుగా నిషేధం పలక ఎందుకు వెలుస్తుంది?

మనకు హఠాత్తుగా కనిపిస్తుంది, అంతే. ఈ సంగతి నేను ఒక బాటను పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఓక్ చెట్ల నీడలో వాగు పక్కనే సాగే సన్నటి దారి అది. నాలుగేళ్లపాటు దాదాపు ప్రతి శనివారం అక్కడే ఉన్నాను. ఒక ఉదయం వెళ్లేసరికి కొత్తగా పాతిన కొయ్య గుంజ, దాని మీద అడ్డగీత కొట్టిన సైకిల్ బొమ్మ. కోపంగా ఆ కార్యాలయానికి ఫోను చేశాను. అవతల ఉన్నావిడ ఎంతో ఓపికగా చెప్పారు: ప్రణాళిక ముసాయిదా ఏడాదిన్నర కిందటే విడుదలైంది, అభిప్రాయాలకు గడువిచ్చారు, రెండు బహిరంగ సమావేశాలు పెట్టారు, మండలి ఓటు వేసి కూడా ఆరు నెలలైంది. ఆ ఏడాదిన్నరలో ఆ బాటలో డెబ్బైసార్లయినా తిరిగి ఉంటాను. ఆ సమావేశాల్లో ఒక్కదానికీ వెళ్లలేదు. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది.

పని జరిగే వరుస సుమారుగా ఇలా ఉంటుంది. ముందుగా ఫలానా భూమికి కొత్త ప్రణాళిక తయారు చేయబోతున్నామని ప్రకటిస్తారు. ఆ దశలో ఏ అంశాలు పరిశీలించాలో ప్రజల్ని అడుగుతారు. తర్వాత ముసాయిదా, పర్యావరణ పరిశీలన, దానిమీద రాతపూర్వక అభిప్రాయాలు, చివర ఓటు. ఫెడరల్ భూముల్లో ఈ పరిశీలనకు ఆధారం 1970 జనవరి 1న సంతకమైన జాతీయ పర్యావరణ విధాన చట్టం. కాలిఫోర్నియాకు 1970లోనే వచ్చిన సొంత చట్టం ఉంది. మొట్టమొదటి దశలో "సైకిళ్లకు ఒక చుట్టుబాట ఉండే ప్రత్యామ్నాయాన్ని కూడా పరిశీలించండి" అని నలుగురు రాస్తే, అది కాగితంలోకి ఎక్కే అవకాశం ఉంటుంది. ఎవరూ అడగకపోతే ఆ ప్రత్యామ్నాయం పుట్టనే పుట్టదు. పుట్టని దానికి చివర ఓటు వేయమని అడగడం చాలా కష్టం.

అందుకే నాకు పలకల మీద కంటే ప్రకటనల మీద శ్రద్ధ ఎక్కువ.

వైల్డర్‌నెస్‌లో సైకిల్‌కు అసలు చోటే లేదా?

లేదు. 1964లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన వైల్డర్‌నెస్ చట్టం మోటారు వాహనాలతో పాటు "యాంత్రిక రవాణా" ఏ రూపంలోనూ ఉండకూడదంటుంది. అప్పటికి మౌంటెన్ సైకిల్ అనే వస్తువే లేదు. 1966 నాటి ఫారెస్ట్ సర్వీసు నిబంధన ప్రకారం యాంత్రిక రవాణా అంటే ప్రాణం లేని శక్తితో నడిచేది. ఆ లెక్కన సైకిల్ దాని కిందికి రాదని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1984కల్లా నిబంధన సైకిల్‌ను కూడా ఈ భూముల్లో స్పష్టంగా నిషేధించింది. ఈ భూములు మొదట 91 లక్షల ఎకరాలు ఉండేవి, ఇప్పుడు 11 కోట్ల ఎకరాలు దాటాయి.

2015లో ఐడహో రాష్ట్రంలోని బౌల్డర్-వైట్ క్లౌడ్స్ పర్వతాల్లో మూడు కొత్త వైల్డర్‌నెస్‌లు ఏర్పడ్డాయి. సైకిలిస్టులు ఎన్నో ఏళ్లు ప్రేమగా తొక్కిన క్యాసిల్ డివైడ్, యాంట్స్ బేసిన్ బాటలు ఆ రోజుతో మూతబడ్డాయి. ఆ గాయం నుంచే చట్టం మార్చాలన్న పట్టుదల పెరిగింది. 2016లో సెనేట్‌లో ఒక బిల్లు, తర్వాత ప్రతినిధుల సభలో మరొకటి వచ్చాయి, ఏదీ చట్టం కాలేదు. సైకిలిస్టుల మధ్యే దీనిమీద చీలిక ఉంది. 1988లో కాలిఫోర్నియా క్లబ్బులు కలిసి స్థాపించిన అంతర్జాతీయ మౌంటెన్ బైసికిల్ సంఘం, పర్యావరణ సంస్థలతో బంధం తెంచుకోవడం ఇష్టంలేక ఆ బిల్లులకు మద్దతివ్వలేదు.

నా అభిప్రాయం అడిగితే, చట్టాన్ని తిరగరాయడం మీద పెట్టే శ్రమను కొత్త హద్దులు గీసేటప్పుడు పెట్టడం మేలు. హద్దును ఒక బాటకు వంద అడుగులు ఇవతల గీస్తే ఆ బాట బతుకుతుంది. అలాంటి సర్దుబాట్లు చర్చల్లో సాధ్యమే. కాని చర్చ జరిగే గదిలో మనవాళ్లు ఉండాలి.

నడిచేవాళ్లకు మనమంటే అంత కోపం ఎందుకు?

కోపం కంటే భయం ఎక్కువ. మలుపు తిరగగానే ఎదురుగా ఇరవై మైళ్ల వేగంతో వచ్చే చక్రం ఒక్కసారి కనిపిస్తే చాలు, డెబ్బై ఏళ్ల మనిషి ఆ బాటకు మళ్లీ రాడు. ప్రమాదమేమీ జరగకపోవచ్చు. ఆయన మాత్రం ఆ బాటను కోల్పోయినట్టే. మనకు పలక పాతితే ఎలా ఉంటుందో ఆయనకూ అలాగే ఉంటుంది. దీన్ని ఒప్పుకోకుండా సమావేశానికి వెళ్లి "గణాంకాలు చూడండి" అంటే ఎవరూ వినరు.

చరిత్ర కూడా ఉంది. ఈ ఆట రూపుదిద్దుకున్నదే శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మరీన్ కౌంటీలో. 1976లో అక్కడి కుర్రాళ్లు లావు టైర్ల పాత సైకిళ్లతో అగ్నిమాపక వాహనాల కోసం వేసిన మట్టిరోడ్డు మీద కిందికి దూకుడుగా దిగే పందేలు మొదలుపెట్టారు. బ్రేకులు ఎంత వేడెక్కేవంటే హబ్బులోని గ్రీజు కాలిపోయి, ప్రతిసారీ మళ్లీ నింపాల్సి వచ్చేది. ఆ పందేనికి రీప్యాక్ అనే పేరు అలా వచ్చింది. పదేళ్లు తిరగకముందే అదే కౌంటీలో సన్నటి బాటలు సైకిళ్లకు మూతబడటం మొదలైంది. టమల్‌పైస్ కొండ మీది మట్టిరోడ్లకు గంటకు 15 మైళ్ల వేగ పరిమితి వచ్చింది, ఎదుటివారిని దాటేటప్పుడు, మలుపుల దగ్గర 5 మైళ్లే. పుట్టినింట్లోనే చోటు దొరకని ఆట ఇది.

భూమికి డబ్బు ఎక్కడిదన్నది కూడా చూడాలి. కొలరాడోలోని బౌల్డర్ నగర ఓటర్లు 1967లో బహిరంగ భూములు కొనడానికి తమ మీద తామే అమ్మకపు పన్ను వేసుకున్నారు. అలాంటి ఊళ్లలో ఆ తరం వాళ్లు "ఇది మేం కాపాడిన కొండ" అంటే అందులో అబద్ధం లేదు. వాళ్లకు గౌరవం ఇచ్చి మొదలుపెట్టిన సంభాషణలు ఎక్కువ దూరం వెళ్లడం నేను చూశాను.

సైకిల్ చక్రం బాటను ఎక్కువగా పాడుచేస్తుందా?

నేల కోత విషయంలో, నడకకు మించి పాడుచేస్తుందన్న వాదన నిలవదు. మాంటానాలో 1994లో ప్రచురించిన అధ్యయనంలో గుర్రపు డెక్కలు, మనిషి అడుగులు చక్రాలకంటే ఎక్కువ మట్టిని వదులు చేశాయి. అంటారియోలో 2001 నాటి అధ్యయనం మొక్కల మీద, నేల మీద నడక, సైకిల్ ప్రభావాలు దాదాపు ఒకే తీరుగా ఉన్నాయని చూపింది. అసలు శత్రువు నీరు. బాటను వాలుకు నిలువుగా వేస్తే వాననీరు దాన్నే కాలువ చేసుకుంటుంది. వాలుకు అడ్డంగా, బయటి అంచు కాస్త దిగువకు ఉండేలా, అక్కడక్కడ నీరు పక్కకు జారే పల్లాలతో వేస్తే ఎవరు తిరిగినా నిలుస్తుంది. అయితే తడి నేలలో సైకిల్ గీసే గాడి నీటికి తిన్నగా దారి చూపిస్తుంది. వాన వెలిసిన మర్నాడు తొక్కే ఒక్క మనిషి పదిమంది వాదనను పాడుచేస్తాడు.

జంతువుల విషయంలో అంత ధీమాగా మాట్లాడకండి. యూటాలోని యాంటిలోప్ ద్వీపంలో జరిగి 2003లో వెలువడిన పరిశోధనలో అడవిదున్నలు, జింకలు నడిచేవాళ్లను చూసి ఎంత బెదిరాయో సైకిళ్లను చూసీ అంతే బెదిరాయి. ఒరెగాన్‌లోని స్టార్కీ పరిశోధనా అడవిలో మాత్రం పెద్ద జింకల జాతి అయిన ఎల్క్‌లు నడిచేవాళ్లకంటే సైకిళ్ల నుంచి ఎక్కువగా తప్పుకున్నాయి. మోటారు వాహనాల నుంచి అంతకంటే ఎక్కువగా. ఒకే రోజులో సైకిల్ ఎక్కువ దూరం పోతుంది కాబట్టి ఎక్కువ జంతువుల్ని కలవరపెట్టగలదు. మండలిలో జీవశాస్త్రవేత్త ఈ మాట ఎత్తితే ఒప్పుకోండి. ఎల్క్ ఈనే కాలంలో మూసివేతకు మీరే మద్దతివ్వండి. మనకు అనుకూలమైన అధ్యయనాలే ఏరుకుని తెచ్చామని ఒక్కసారి అనిపిస్తే తర్వాతి సమావేశంలో మన మాటకు విలువ ఉండదు.

ఇద్దరికీ సరిపడే పద్ధతి ఎక్కడైనా ఉందా?

ఉంది, ఏళ్లుగా నడుస్తోంది. టాహో సరస్సు చుట్టూ సాగే టాహో రిమ్ ట్రెయిల్‌లో టాహో మెడోస్ నుంచి స్పూనర్ వైపు వెళ్లే భాగంలో సైకిళ్లకు సరి తేదీలు. యూటాలో సాల్ట్ లేక్ సిటీ దగ్గర మిల్ క్రీక్ లోయ పైభాగపు బాటల్లోనూ సరి తేదీలే. బౌల్డర్ కౌంటీలోని బెటాసోలో బుధ, శనివారాలు సైకిళ్లు రాకూడదు, మిగతా రోజులు రావచ్చు. అదే రాష్ట్రంలోని సెంటెనియల్ కోన్ పార్కులో వారాంతాల్లో తేదీని బట్టి ఒకరోజు సైకిళ్లకు, ఒకరోజు నడిచేవాళ్లకు.

దీన్ని ఓటమిగా చూసేవాళ్లున్నారు. నేనలా చూడను. పూర్తిగా మూసిన బాటకు రోజుల పంపకం అడగడం మండలికి తేలికైన నిర్ణయం. పైగా ఏడాదిపాటు ప్రయోగంగా పెట్టండి అంటే ఇంకా తేలిక. ఎదురుగా ఎవరూ రాని రోజు దొరకడం తొక్కేవాళ్లకూ హాయే. ఒకే దిశలో తిరిగే నియమం, ఎక్కడానికి ఒక బాట, దిగడానికి ఇంకొకటి, మలుపుల ముందు వేగం తగ్గేలా బండరాళ్లతో బాటను ఇరుకు చేయడం కూడా పనిచేస్తాయి.

మండలి సమావేశంలో ఏం మాట్లాడాలి?

మీకిచ్చే సమయం సాధారణంగా రెండు మూడు నిమిషాలు. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం సాధారణ సమావేశపు అంశాల జాబితాను 72 గంటల ముందే బయటపెట్టాలి. జాబితాలో లేని అంశం మీద సభ్యులు చర్చించకూడదు, తీర్మానం చేయకూడదు. జాబితాలో లేని బాట గురించి ఆవేశంగా మాట్లాడితే వాళ్లు మౌనంగా తలూపుతారు, అది నిర్లక్ష్యం కాదు, చట్టం. అలాంటప్పుడు "వచ్చే సమావేశపు జాబితాలో ఈ అంశం చేర్చండి" అని అడగడం ఒక్కటే ప్రయోజనం.

బాట పేరు, ప్రణాళికలో పేజీ సంఖ్య, మీరు కోరే మార్పు, ఈ మూడూ మొదటి నిమిషంలో చెప్పేయండి. "సైకిల్ అంటే నాకు ప్రాణం" అనే మాట అందరూ చెబుతారు, దాంతో సభ్యుడు చేయగలిగింది ఏమీ లేదు. "ఆరో పేజీలో చెప్పిన వాగు దాటే చోట సైకిళ్లను నిషేధించే బదులు చెక్క వంతెన వేయండి, దానికి పని మేం చేస్తాం" అంటే ఆయన రాసుకుంటారు. ఎదుటిపక్షం వాళ్లను పేరుపెట్టి విమర్శించకండి. మాట్లాడిందే రాసి పంపండి, ఎందుకంటే పరిశీలన పత్రంలోకి ఎక్కేది రాతే. ఒకే నమూనా ఉత్తరం రెండొందల మంది పంపితే సిబ్బంది దాన్ని ఒకే అంశంగా లెక్కగట్టడం మామూలే. సొంత మాటల్లో రాసిన పది ఉత్తరాలు వాటికంటే బరువు.

సమావేశం అయ్యాక వెంటనే వెళ్లిపోకండి. వసారాలో గుర్రపు స్వారీ సంఘం పెద్దావిడ నిలబడి ఉంటే వెళ్లి పలకరించండి. నాకు తెలిసిన ఒక రాజీ అక్కడే, కాఫీ యంత్రం పక్కన కుదిరింది.

నాకు పౌరసత్వం లేదు, హెచ్-1బి వీసా మీద ఉన్నాను. మాట్లాడవచ్చా?

మాట్లాడవచ్చు. బహిరంగ సమావేశంలో మాట్లాడటానికి, ప్రణాళికల మీద అభిప్రాయం రాయడానికి పౌరసత్వంతో పనిలేదు. ఫెడరల్ భూముల ముసాయిదాల మీద ఎవరైనా రాయవచ్చు. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది ఏదో తప్పు చేస్తున్నట్టు గొంతు తగ్గించి అడుగుతారు. అంత జంకు అక్కర్లేదు, ఆ కొండకు మీరూ పన్ను కడుతున్నారు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. గ్రీన్ కార్డు కూడా లేనివారు ఎన్నికల అభ్యర్థులకు విరాళం ఇవ్వకూడదు. ఫెడరల్ చట్టం దీన్ని అన్ని స్థాయిల్లో నిషేధించింది, మీ ఊరి పార్కు మండలికి పోటీచేసే అభ్యర్థికి కూడా ఇది వర్తిస్తుంది. బాటల మరమ్మతు చేసే సంఘానికి ఇచ్చే చందా వేరు, దానికి అడ్డులేదు.

ఎవరూ పట్టించుకోవడం లేదు కాబట్టి మేమే రాత్రిపూట ఒక బాట చెక్కేస్తే?

దయచేసి వద్దు. ఫారెస్ట్ సర్వీసు భూమిలో అనుమతి లేకుండా బాట వేయడం నేరం, 5,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఒక దొంగబాట ఫోటో సమావేశంలో తెర మీద కనిపిస్తే, అయిదేళ్లుగా అనుమతి కోసం తిరుగుతున్నవాళ్ల ముఖాలు చూడలేం.

ప్రైవేటు భూముల్లో పద్ధతి వేరా?

పూర్తిగా వేరు, ఇంకా సున్నితం. వెర్మాంట్‌లోని కింగ్‌డమ్ ట్రెయిల్స్ బాటలు ఎందరో స్థల యజమానుల భూముల మీదుగా, వాళ్ల మంచితనం మీద సాగుతాయి. 2019 చివర్లో ముగ్గురు యజమానులు తమ భూముల్లోకి సైకిళ్లు రావద్దన్నారు, దాంతో ఆ బాటల నడుమ పెద్ద ఖాళీ ఏర్పడింది. దాని మీద అప్పీలు ఉండదు, ఓటు ఉండదు. రుసుము తీసుకోకుండా జనాన్ని రానిచ్చే యజమానికి ప్రమాదాల బాధ్యత నుంచి కొంత రక్షణ ఇచ్చే చట్టాలు యాభై రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. యజమానితో మాట్లాడేటప్పుడు ఆ సంగతి చెప్పండి. స్తోమత ఉంటే కొనడం ఇంకో దారి: న్యూ ఇంగ్లండ్ మౌంటెన్ బైక్ సంఘం 2003లో మసాచుసెట్స్‌లోని మిల్ఫోర్డ్‌లో 47 ఎకరాలు సొంతంగా కొనుక్కుంది.

ఇ-బైక్ సంగతి?

మోటారు తోడైన ఈ సైకిళ్లను చాలా రాష్ట్రాలు మూడు తరగతులుగా చూస్తాయి. మొదటిది తొక్కితేనే మోటారు సాయం, గంటకు 20 మైళ్ల వరకు. రెండోది తొక్కకపోయినా నడిచేది, అదే వేగం వరకు. మూడోది తొక్కితే 28 మైళ్ల వరకు సాయం. ఫారెస్ట్ సర్వీసు వీటన్నిటినీ మోటారు వాహనాల లెక్కలో చూస్తుంది. 2019లో, నేషనల్ పార్కుల్ని చూసుకునే ఇంటీరియర్ శాఖ ఉత్తర్వు తర్వాత ఆ శాఖ కింది భూముల్లో స్థానిక అధికారికి అనుమతించే వీలు వచ్చింది. కౌంటీల్లో ఎవరి నియమం వాళ్లదే.

మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు మళ్లీ కొండెక్కడం చూస్తే నాకు సంతోషమే. అయినా సన్నబాట కోసం మొదటిసారి అడిగేటప్పుడు ఇ-బైక్‌ను అదే అభ్యర్థనలో కలపవద్దని చెబుతాను. రెండు పోరాటాలు ఒకే ఓటులో కలిస్తే రెండూ పోతాయి.

మిగతా దేశాల్లో ఇంతేనా?

స్కాట్లండ్‌లో 2003 భూసంస్కరణల చట్టం బాధ్యతగా మెలిగినంతకాలం దాదాపు ఎక్కడైనా సైకిల్ తొక్కే హక్కు ఇచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 1968 నుంచి గుర్రపుబాటల మీద తొక్కవచ్చు, కాలిబాటల మీద ఆ హక్కు లేదు. జర్మనీలోని బాడెన్-వుర్టెంబర్గ్‌లో రెండు మీటర్ల కంటే సన్నని అడవిబాటల్లో మామూలుగా తొక్కకూడదు. ఆస్ట్రియా అడవుల్లో నడవడం అందరి హక్కు, సైకిల్‌కు యజమాని అనుమతి కావాలి. న్యూజిలాండ్‌లో నడకదారి అయిన హీఫీ ట్రాక్‌ను 2011లో చలికాలపు నెలలకు ప్రయోగంగా తెరిచారు, అది స్థిరపడింది. నాకు వీటన్నిటిలో బాగా నచ్చింది ఆ చివరిదే.

ఈ వారమే ఏదైనా మొదలుపెట్టాలంటే?

మీరు ఎక్కువగా తొక్కే బాట ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి. ఆ కార్యాలయపు ప్రకటనల జాబితాలో మీ ఈమెయిల్ చేర్చండి. తర్వాత దగ్గరలోని సంఘం పెట్టే బాట మరమ్మతు రోజుకు వెళ్లండి. అక్కడ మీరు పెట్టే గంటల్ని రాసుకుంటారు. మట్టిదారుల్లో తిరిగే మోటారు వాహనాల ఇంధన పన్నుతో 1991 నుంచి నడుస్తున్న బాటల నిధి ఒకటి ఉంది. దాని నుంచి డబ్బు రావాలంటే స్థానికంగా కొంత వాటా చూపాలి. మీ గంటల్ని ఆ వాటాలో లెక్కగట్టే వీలుంది. పైగా రేంజర్ మీ పక్కనే మట్టి తవ్వుతూ ఉంటారు. ఏ ప్రణాళిక ఎప్పుడు రాబోతోందో ప్రకటనకు ముందే ఆమె నోట వినవచ్చు.

పాత బూట్లు, చేతి తొడుగులు, రెండు లీటర్ల నీళ్లు తీసుకెళ్లండి. పనిముట్లు వాళ్లే ఇస్తారు. ఒకవైపు పళ్లు, మరోవైపు పార రేకు ఉండే పొడవాటి పిడి పనిముట్టును మెక్‌లౌడ్ అంటారు. కింద పెట్టేటప్పుడు పళ్లు నేలవైపు ఉండాలి.